గురకకు సాక్ష్యం కావాలి

పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లోనే చేసుకోవాల్సిన పనులున్నాయి

రాత్రంతా గుర్రు. ఉన్నట్టుండి ఆగిపోతుంది. పది, పదిహేను సెకన్లు ఊపిరాడదు. ఆపై ఉక్కిరిబిక్కిరై గట్టిగా గాలి పీల్చడం, మళ్లీ గుర్రు. పడుకున్న మనిషికి ఇదేమీ తెలియదు. తెల్లారాక తలనొప్పి, పగలంతా కునికిపాట్లు. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న నేతన్నైనా, పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే కార్మికుడైనా, హిందూపురం మార్కెట్లో వ్యాపారైనా పని భారమేలే అని సరిపెట్టుకుంటారు.

నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోవడమే దీనికి మూలం. డాక్టర్లు అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటల బప్పి లహిరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు ఈ పేరు దేశమంతా వినిపించింది. బీపీ, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు దీనితో పెరుగుతుంది.

చిక్కల్లా ఒక్కటే. జబ్బు బయటపడేది నిద్రలో, డాక్టరు చూసేది మేలుకున్న మనిషిని.

ఫోన్, టేపు, మాత్రల సంచి

అందుకే పక్కన పడుకునేవాళ్లను వెంట తీసుకెళ్లాలి. రెండు మూడు రాత్రులు ఫోన్లో వీడియో తీయాలి. ముఖం, ఛాతీ కనబడాలి, గురక వినబడాలి, ఊపిరి ఆగి మళ్లీ అందుకునే ఘట్టం దొరకాలి.

దర్జీ టేపుతో మెడ కొలవాలి. టొరంటో వైద్యురాలు ఫ్రాన్సెస్ చంగ్ బృందం 2008లో ప్రకటించిన ఎనిమిది ప్రశ్నల పట్టికలో 40 సెంటీమీటర్లు దాటిన మెడ ఒక గుర్తు. గట్టి గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, అధిక బరువు, 50 దాటిన వయసు, మగవారు కావడం మిగతావి. మూడింటికి అవునంటే అనుమానించాల్సిందే.

రెండు వారాల పాటు పడుకున్న, లేచిన వేళలు రాసుకోవాలి. షిఫ్టులు మారేవారికి ఇది మరీ ముఖ్యం. వాడే మాత్రలన్నీ, నిద్రమాత్రలతో సహా, సంచిలో వేసుకెళ్లాలి. మద్యం అలవాటుంటే దాచకూడదు, గురకను అది పెంచుతుంది.

పిల్లలు నోరు తెరిచి నిద్రపోతున్నా, గురక పెడుతున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. టాన్సిల్స్, అడినాయిడ్స్ వాపు కారణం కావచ్చు.

ఏం అడగాలి?

పెద్దలు ఊపిరితిత్తుల నిపుణుల దగ్గరికి వెళ్లొచ్చు. బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ నిద్ర పరీక్షల విభాగం ఉంది. ఒక రాత్రి ఒంటికి తీగలు తగిలించి, శ్వాసనూ రక్తంలో ఆక్సిజన్‌నూ మెదడు తరంగాలనూ నమోదు చేస్తారు. కొందరికి ఇంట్లోనే చిన్న పరికరంతో చేయొచ్చు, తమకు ఏది సరిపోతుందో అడగాలి. రిపోర్టు వచ్చాక గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, తగ్గిందో కనుక్కోవాలి. పెద్దల్లో 5 లోపు మామూలే, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మాస్కుతో గాలి ఒత్తిడి ఇచ్చే సీప్యాప్‌ను సిడ్నీలో కాలిన్ సలివాన్ 1981లో పరిచయం చేశారు. ఇప్పటికే అది వాడుతున్నవారు మెషీన్‌నూ మాస్కునూ వెంట తీసుకెళ్లాలి.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడు ఊళ్ల నుంచీ బెంగళూరుకు రైళ్లున్నాయి. పగలు కునికేవారు 44వ జాతీయ రహదారి మీద స్టీరింగ్ పట్టకుండా రైలెక్కడమే మేలు. బండి నడుపుతూ ఎప్పుడైనా కునుకు పట్టి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. వైద్యం ఎంత తొందరగా మొదలుపెట్టాలో తేల్చడానికి అది పనికొస్తుంది.