ఆగిన కారులో ఆగని ఇంజను

పాఠశాల క్రీడోత్సవాల్లో స్లో సైకిల్ పోటీ చూసే ఉంటారు. సైకిలును వేగంగా తొక్కడం కన్నా, పడిపోకుండా మెల్లగా తొక్కడమే కష్టం. కారు ఇంజను సంగతి కూడా అంతే. సిగ్నల్ దగ్గర కారు ఆగినా, ఇంజను నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతూనే ఉండాలి. దీన్ని ఐడ్లింగ్ అంటారు. వేగం బాగా తగ్గితే ఇంజను ఆగిపోతుంది. పెరిగితే పెట్రోలు వృథా అవుతుంది.

ఎంత గాలి కావాలి?

పెట్రోలు ఇంజను శక్తి దానిలోకి వెళ్ళే గాలిని బట్టి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే గాలి గొట్టంలోని థ్రాటిల్ అనే రేకు తెరుచుకుంటుంది. కాలు తీస్తే దాదాపు మూసుకుంటుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. 2 లీటర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకు ఒకసారి 2 లీటర్ల గాలి పీలుస్తుంది. అంటే 800 చుట్లకు 800 లీటర్లు. కాని థ్రాటిల్ మూసి ఉండటం వల్ల లోపలి పీడనం వాతావరణ పీడనంలో సుమారు మూడో వంతే ఉంటుంది. కనుక బయటి గాలి లెక్కలో అది దాదాపు 270 లీటర్లు. అదే ఇంజను థ్రాటిల్ పూర్తిగా తెరిచి నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే సుమారు 6,000 లీటర్లు పీలుస్తుంది. ఐడ్లింగ్‌కు అందులో ఇరవయ్యో వంతు కూడా అక్కరలేదన్నమాట!

ఆ కొద్దిపాటి గాలి కూడా ఎప్పుడూ ఒకేలా సరిపోదు. ఇంజను చల్లగా ఉంటే ఆయిల్ చిక్కగా ఉండి ఘర్షణ పెరుగుతుంది. ఏ.సి. వేస్తే కంప్రెసర్ భారం తోడవుతుంది. కార్బురేటర్ ఇంజనుకు మెకానిక్ ఒక స్క్రూ తిప్పి వేగం సరిచేస్తాడు. ఇంధన ఇంజెక్షన్ ఉన్న అనేక కార్లలో ఈ పనికి థ్రాటిల్ పక్కగా ఒక చిన్న గాలిదారి పెట్టి, దానికి విద్యుత్తుతో పనిచేసే కవాటం అమర్చారు. దాన్ని ఎంత తెరవాలో ఇంజను కంప్యూటర్ నిర్ణయిస్తుంది.

కంప్యూటర్ మారితే?

పందెపు కార్లవాళ్ళు, పాత కార్లంటే ఇష్టపడేవాళ్ళు కొందరు కంపెనీ కంప్యూటర్ తీసేసి, తాము కోరినట్లు సర్దుకోగల మరొకటి పెడతారు. అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో రూపొందించిన మెగాస్క్విర్ట్ అలాంటిదే. కంపెనీ కంప్యూటర్‌కు తన కవాటం గుణం ముందే తెలుసు. కొత్తదానికి తెలియదు. మనమే చెప్పాలి.

మొదట కవాటం రకం తెలియాలి. రెండు తీగల కవాటంలో ఒక స్ప్రింగు, దానికి ఎదురు లాగే విద్యుదయస్కాంతం ఉంటాయి. కంప్యూటర్ సెకండుకు వంద సార్లో, అంతకన్నా ఎక్కువ సార్లో విద్యుత్తును ఇస్తూ ఆపుతూ ఉంటుంది. ప్రతి విడతలో విద్యుత్తు ఉన్న కాలం ఎంత శాతమో, దాన్ని బట్టి కవాటం కదులుతుంది. నాలుగు తీగల రకంలో స్టెప్పర్ మోటారు ఉంటుంది. ఒక్కో సంకేతానికి ఒక్కో అడుగు కదులుతుంది. అది ఎక్కడ ఉందో కంప్యూటర్‌కు కనబడదు. అందుకే ముందుగా కవాటాన్ని చివరిదాకా మూయించి, అక్కడినుంచి అడుగులు లెక్కపెడుతుంది. మొత్తం అడుగుల సంఖ్యను మనం తక్కువగా చెబితే కవాటం పూర్తిగా మూసుకోదు. లెక్క మొదట్లోనే తప్పుతుంది.

రెండోది, విద్యుత్ ప్రవాహం. ఇక్కడ మీరు చదివిన ఓమ్ నియమమే చాలు. రెండు తీగల కవాటపు చుట్ట నిరోధం 10 ఓములు, ఇంజను నడిచేటప్పుడు వోల్టేజి 14 అనుకుందాం. విద్యుత్తును పూర్తిగా ఇస్తే ప్రవాహం 1.4 ఆంపియర్లు. కంప్యూటర్‌లోని ట్రాన్సిస్టర్ ఒక ఆంపియరుకే తట్టుకునేదైతే? కాలిపోవచ్చు! కాబట్టి తీగ కలిపే ముందే మల్టీమీటర్‌తో నిరోధం కొలవాలి.

మూడోది, దిశ. కొన్ని రెండు తీగల కవాటాలలో విద్యుత్తు లేనప్పుడు గాలిదారి కొద్దిగా తెరిచి ఉంటుంది. తీగ తెగినా ఇంజను ఆగకూడదని ఈ ఏర్పాటు. విద్యుత్తు పెంచుతూ పోతే కవాటం ముందు మూసుకుని, ఆ తర్వాతే తెరుచుకుంటుంది. ఈ సంగతి కంప్యూటర్‌కు చెప్పలేదనుకోండి. గాలి తగ్గించాలని విద్యుత్తును మరీ తగ్గిస్తుంది. గాలి పెరుగుతుంది! అందుకే కవాటం పూర్తిగా మూసుకునే శాతాన్ని కనిపెట్టి, అంతకన్నా కిందికి పోవద్దని హద్దు పెడతారు.

తొందర పనికిరాదు

ఇక చివరిది, సవరించే వేగం. కంప్యూటర్ ఇంజను వేగాన్ని కొలిచి, తక్కువైతే కవాటం తెరుస్తుంది, ఎక్కువైతే మూస్తుంది. అయితే కవాటం కదిలాక గాలి సిలిండర్లకు చేరి, వేగం మారడానికి కొంత వ్యవధి పడుతుంది. ఫలితం కనబడేలోపే కంప్యూటర్ ఇంకా ఇంకా తెరిస్తే వేగం హద్దు దాటుతుంది. వెంటనే మూస్తే మరీ పడిపోతుంది. ఇంజను ఊయలలా ఊగుతుంది. మరీ నిదానంగా సవరిస్తేనో, ఏ.సి. భారం పడగానే ఇంజను ఆగిపోతుంది. ఈ రెంటికీ నడుమ సరైన పాలును పరీక్షించి చూసి నిర్ణయించాలి.

ఇది పాత సమస్యే. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రం వేగాన్ని అదుపు చేయడానికి తిరిగే గోళాల గవర్నర్‌ను అమర్చాడు. అలాంటి గవర్నర్లు ఒక్కోసారి వేగాన్ని నిలపడానికి బదులు ఊగించేవి. ఎప్పుడు నిలుపుతాయి, ఎప్పుడు ఊగిస్తాయి అన్న ప్రశ్నను జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1868లో గణితంతో పరిశీలించాడు.

ఇటీవలి కార్లు అనేకం వేరే కవాటం లేకుండా, మోటారుతో కదిలే థ్రాటిల్‌తోనే ఈ పని చేయించుకుంటాయి. సూత్రం మాత్రం అదే. ఈసారి ఆగి ఉన్న పెట్రోలు కారులో ఎవరైనా ఏ.సి. వేస్తే చెవి ఒగ్గి వినండి. ఇంజను చప్పుడు ఒక్క క్షణం తగ్గి, మళ్ళీ కోలుకుంటుందా? అసలు తగ్గనే తగ్గదా? లేక కాసేపు పైకీ కిందికీ ఊగుతుందా? ఆ కారులో గాలికీ కంప్యూటర్‌కూ పొత్తు ఎంత బాగా కుదిరిందో మీరే చెప్పగలరు.