కంప్యూటరు మనది, పెత్తనం ఎవరిది?

మన కంప్యూటర్లో ఏమేం ఉన్నాయో మనకు చెప్పేది ఆపరేటింగ్ సిస్టమ్. ఫోల్డరు తెరవగానే అందులో ఏ ఫైళ్ళున్నాయన్న ప్రశ్న దాని గుండెకాయ లాంటి కెర్నెల్‌కు వెళుతుంది. జవాబు జాబితాగా తెర మీదికొస్తుంది. ఆ జాబితాను మధ్యలో ఎవరైనా దిద్దితే? 2005 అక్టోబరు 31న మార్క్ రస్సినోవిచ్ అనే విండోస్ నిపుణుడు తన కంప్యూటర్లో తనకు తెలియకుండా దాక్కున్న ఒక ప్రోగ్రామును బయటపెట్టాడు. తీగ లాగితే కదిలిన డొంక ఏ హ్యాకరుదో కాదు, సోనీ బీఎంజీ అమ్మిన పాటల సీడీది. పాటలను ఇష్టమొచ్చినన్ని కాపీలు తీసుకోకుండా కాపలా కాయడం ఆ ప్రోగ్రాము పని. దాన్ని ఎవరూ పీకెయ్యకుండా ఉండాలని, డాలర్ గుర్తు, 'సిస్', మళ్ళీ డాలర్ గుర్తుతో పేరు మొదలయ్యే ప్రతి ఫైలునూ జాబితాలోంచి కొట్టేసే ఏర్పాటు చేశారు. ఈ తరహా మరుగు సాధనాన్నే రూట్‌కిట్ అంటారు. సీడీ పెట్టగానే ఒప్పంద పత్రం తెర మీద కనిపించే మాట నిజమే. ఇలా దాక్కుంటానన్న ముక్క మాత్రం అందులో లేదు.

అసలు ముప్పు ఆ తర్వాత తెలిసింది. ఆ ఏర్పాటుకు కంపెనీ ఫైలేదో దొంగ ఫైలేదో తెలియదు. పేరు ముందు ఆ గుర్తుంటే చాలు, దాచేస్తుంది. రెండు వారాలు తిరక్కుండానే ఆ గుర్తు తగిలించుకున్న ట్రోజన్లనే దొంగ ప్రోగ్రాములు వచ్చిపడ్డాయి. ప్రోగ్రామును చేత్తో తీసెయ్యబోతే సీడీ డ్రైవే పనిచెయ్యడం మానేసేది. పోనీ తీసెయ్యడానికని సోనీ ఇచ్చిన సాధనం వాడదామంటే అది ఇంకా ఘనం: దాని వల్ల ఏ వెబ్‌సైటైనా ఆ కంప్యూటర్లో చొరబడి తనకు కావలసింది నడిపించుకోవచ్చని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. మనకు చెప్పకుండా సాఫ్ట్‌వేర్ చేసే పనుల్ని చికాకు ఖాతాలో రాసి, భద్రతను వేరే ఖాతాలో రాసుకోవడం మనకు అలవాటు. ఆ రెండూ ఒకే పద్దు అంటాను నేను. యజమాని కళ్ళుగప్పడానికి కట్టిన చాటు దొంగకూ పనికొస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. వాడేవాళ్ళ ఇష్టానికి వదిలేస్తే ఎవరూ అప్‌డేట్లు వేసుకోరు, అందుకే కంపెనీ చొరవ తీసుకోక తప్పదు అంటారు. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే వానాక్రై అనే ప్రోగ్రాము సంగతి చూడండి. అది దూరిన కంతను పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే విడుదల చేసింది. మే 12న దాడి మొదలయ్యేసరికి ఆ ప్యాచ్ లేని యంత్రాలు లోకమంతా లక్షల్లో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. కాబట్టి అప్‌డేట్లు అక్కర్లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కానీ ప్యాచ్ వచ్చే దారిలోనే ఇంకేం వస్తున్నాయో చూడాలి. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు, దానికి మారమని అడిగే ప్రకటన కూడా పాత విండోస్‌లోకి అప్‌డేట్ రూపంలోనే చేరింది. 2016 మే నాటికి ఆ ప్రకటన పెట్టె మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కి మూసేసినా, ముందే ఖరారు చేసిన మార్పిడికి ఒప్పుకున్నట్టే లెక్క వేసింది. 'వద్దు' అనడానికి దశాబ్దాలుగా వాడుతున్న గుర్తుకు 'సరే' అన్న అర్థం అంటగట్టడం అన్నమాట. గగ్గోలు లేచాక గానీ స్పష్టంగా నిరాకరించే వీలు పెట్టలేదు. మందులో మరేదో కలిపి పోస్తున్నారని అనుమానం వచ్చిన రోగి మందే మానేస్తాడు. ఆ తప్పు రోగిదా? రెండిటినీ విడదీయడం అసాధ్యమేమీ కాదు. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎప్పట్నుంచో భద్రతా ప్యాచ్‌లను తనంతట తాను వేస్తూ, తక్కిన మార్పుల్ని చాలావరకు మన ఇష్టానికి వదిలేస్తోంది.

సామాన్యుడికి ఏం తెలుస్తుంది, నిపుణులకు వదిలెయ్యాలన్నది మరో వాదన. కానీ నిపుణులూ పొరబడతారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను పడుకోబెట్టింది. కెర్నెల్ లోపల నడిచే ప్రోగ్రాము తడబడితే మొత్తం యంత్రమే కూలిపోతుంది మరి. హైదరాబాదు నుంచి విమానమెక్కే వాళ్ళలో కొందరికి ఆ రోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. 78 నిమిషాల్లో ఫైలును వెనక్కి తీసుకున్నా, చాలాచోట్ల మనిషి వెళ్ళి ఒక్కో యంత్రాన్నీ బాగుచేయాల్సి వచ్చింది. దెబ్బ తిన్నవాళ్ళలో చాలామంది అమాయకులు కారు. కొత్త వెర్షన్ వెంటనే వద్దు, ఒక అడుగు వెనకే ఉంటామని సెట్టింగుల్లో ముందే ఎంచుకున్న సంస్థలూ వాళ్ళలో ఉన్నాయి. కానీ అప్పట్లో ఆ ఎంపిక ఈ రకం ఫైళ్ళకు వర్తించేది కాదు. ఇకమీదట విడతలవారీగా పంపుతామని, ఎప్పుడు తీసుకోవాలో కొనుక్కున్నవాళ్ళే నిర్ణయించుకునే వీలిస్తామని కంపెనీ ఆ తర్వాత ప్రకటించింది.

మన దేశంలో ఆ ఇంటూ గుర్తు లాంటి మాయ ఎత్తుగడల్ని 'డార్క్ ప్యాటర్న్స్' అంటూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు వెలువరించింది. జాబితాలో ఉన్నవి 13. వద్దన్నా పదేపదే విసిగించడం, అక్కర్లేనిదానికి బలవంతంగా ఒప్పించడం కూడా వాటిలో ఉన్నాయి. మీ తెర మీద 'వద్దు' అనే బొత్తం కనబడకపోతే ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫిర్యాదు చెయ్యడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.