గాలి రాపిడికి తూకం!

శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారని చాలామందికి తెలుసు. ఇస్రోకి రావడానికి ఇరవై ఏళ్ల ముందే ఆయన ఓ చిత్రమైన త్రాసు తయారుచేశారని తెలిసినవాళ్లు తక్కువ. అందులో తూచింది... గాలి రాపిడిని!

వెంగళరావు నగర్‌లో ఫ్లాటైనా, శ్రీహరికోట పక్కన సూళ్లూరుపేటలో పెంకుటిల్లైనా... పండక్కి ముందు ఫ్యాను రెక్కలు తుడిస్తే గుడ్డ నిండా దుమ్మే. అంత వేగంగా తిరిగే రెక్క మీద దుమ్మెలా నిలుస్తుంది? రెక్కని ఆనుకున్న గాలి దాన్ని అంటిపెట్టుకుని దాంతోపాటే తిరుగుతుంది మరి. అక్కణ్నుంచి దూరం జరిగేకొద్దీ గాలి వేగం మారుతుంది. ఈ పలుచని పొరే 'బౌండరీ లేయర్'. జర్మనీ శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంటల్ 1904లో దీని గుట్టు విప్పారు.

ఇంధనం తాగేస్తుంది!

ఈ పొరలో గాలి రాసుకుంటూ ఉపరితలాన్ని లాగుతుంది. ఒక చదరపు మీటరు మీద పడే ఆ లాగుడే 'వాల్ షియర్ స్ట్రెస్'. ప్రయాణికుల విమానం నిలకడగా ఎగిరేటప్పుడు ఎదుర్కొనే నిరోధంలో దాదాపు సగం ఈ రాపిడిదే. దాని ఖర్చంతా ఇంధనం రూపంలో కట్టాల్సిందే.

గాలి పొరలు పొరలుగా సాగితే లెక్క కాగితం మీదే తేలిపోతుంది. చదునైన పలకకు ఆ సూత్రాన్ని బ్లాసియస్ 1908లోనే ఇచ్చారు. సుడులు మొదలయ్యాయా... రాపిడి బాగా పెరుగుతుంది, కచ్చితమైన సూత్రం ఈనాటికీ లేదు. కాబట్టి కొలవాలి!

బియ్యపు గింజలో ఇరవయ్యో వంతు

అమెరికాలోని కాల్‌టెక్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర పరిశోధన చేస్తున్న ధవన్ నేరుగా తూచే పని తలకెత్తుకున్నారు. నున్నని పలకలో చిన్న ముక్కను విడిగా, కదిలేలా అమర్చారు. గాలి వీస్తే ఆ ముక్క కాస్త జరుగుతుంది. ఎంత జరిగిందో విద్యుత్ పరికరం చెబుతుంది. తూచాల్సిన బలం ఎంతో తెలుసా? సుమారు 1 నుంచి 100 మిల్లీగ్రాములు. ఒక బియ్యపు గింజే 20 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది!

చిక్కంతా అంచుల్లోనే. చుట్టూ ఖాళీ ఎక్కువైతే గాలి దూరుతుంది. తక్కువైతే ముక్క పలకకి రాసుకుంటుంది. వెంట్రుకవాసి పైకి లేచినా ఎదురుగాలి దాన్ని తోసి లెక్క తప్పిస్తుంది.

తక్కువ వేగంలో వచ్చిన ఫలితాలు బ్లాసియస్, కార్మన్‌ల లెక్కలతో చక్కగా సరిపోయాయి. ఆపైన ధ్వని వేగంలో 0.8 వంతు దాకా, సుడులు తిరిగే గాలిలోనూ కొలిచారు. 1951లో డాక్టరేట్ వచ్చింది. 1953లో అమెరికా ప్రభుత్వ వైమానిక సంస్థ నాకా ఆ పరిశోధనను నివేదికగా ప్రచురించింది.

శ్రీహరికోట దాకా...

డాక్టరేట్ అందుకున్న ఏడాదే ధవన్ బెంగళూరు ఐఐఎస్‌సీలో చేరారు. 1972లో ఇస్రో పగ్గాలు చేపట్టారు. 2002 జనవరిలో ఆయన కన్నుమూశాక, అదే ఏడాది శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడు పలుచని నూనె పొర గాలికి ఎలా పలచబడుతోందో కాంతితో చూసి కూడా రాపిడిని లెక్కగడుతున్నారు. పద్ధతులెన్ని వచ్చినా కొలవాల్సిన అవసరం తీరలేదు. శ్రీహరికోట నుంచి లేచే ప్రతి రాకెట్టూ ముందుగా దాటాల్సింది ఆ గాలినే!