తూటాకు చప్పిడి ముక్కు ఎందుకు?

దీపావళి నాడు మీలో చాలామంది రీలు తుపాకీ పేల్చే ఉంటారు. కాగితపు రీలు మీద చిన్న చుక్కల్లాగా మందు ఉంటుంది. మీట నొక్కగానే తుపాకీ సుత్తి ఆ చుక్క మీద పడుతుంది. టప్పుమని పేలుతుంది. ఇక్కడ అగ్గిపుల్ల ఎవరూ గీయలేదు గదా! మరి మందు ఎలా అంటుకొంది? దెబ్బ వల్లనే. కొన్ని రసాయన మిశ్రమాలకు నిప్పుతో పని లేదు, గట్టి దెబ్బ తగిలితే చాలు. ఈ సంగతి గుర్తుంచుకోండి. అమెరికాలో వేటకు వాడే ఒక రకం రైఫిలులో గుండు ముక్కు ఏ ఆకారంలో ఉండాలో నిర్ణయించేది ఇదే.

తూటాలో ఏముంది?

తూటాలో నాలుగు భాగాలున్నాయి. ఒకటి ఇత్తడి గొట్టం. రెండవది దాని లోపలి మందు. మూడవది గొట్టం మూతిలో బిగించిన గుండు. నాలుగవది గొట్టం అడుగున మధ్యలో ఉండే 'ప్రైమరు' అనే చిన్న లోహపు బిళ్ళ. వేట రైఫిలు తూటాలో దీని వ్యాసం సుమారు 5 మి.మీ. ఉంటుంది. రీలు తుపాకీ చుక్కలాగే ప్రైమరు కూడా దెబ్బ తగిలితే అంటుకొంటుంది. ఆ మంట గొట్టంలోని మందును అంటిస్తుంది. మందు మండగా పుట్టిన వాయువులు గుండును ముందుకు తోస్తాయి.

ఒకదాని వెనుక ఒకటి

1860లో అమెరికాలో బెంజమిన్ టైలర్ హెన్రీ ఒక కొత్త రైఫిలుకు పేటెంటు పొందాడు. దాని బారెలు కింద మరొక గొట్టం ఉంది. అందులో తూటాలు రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి ఉంటాయి. ముందు కొనలో ఉన్న స్ప్రింగు వాటిని వెనక్కి నెడుతూ ఉంటుంది. ట్రిగ్గరు దగ్గరి లివరును కిందికి దించి పైకి లాగితే ఖాళీ గొట్టం బయటపడి, కొత్త తూటా బారెలులోకి వస్తుంది.

హెన్రీ తూటాలలో పేలే మిశ్రమం అడుగు అంచు చుట్టూ ఉండేది. మధ్యలో ఏది తగిలినా భయం లేదు. కాని 1873 నాటి విన్‌చెస్టర్ రైఫిలు తూటాలో ప్రైమరు మధ్యకు వచ్చింది. చిక్కంతా ఇక్కడే! గొట్టంలో ప్రతి తూటా ముక్కు, దాని ముందున్న తూటా ప్రైమరుకు ఆనుకొని ఉంటుంది. ఆ ముక్కు సూదిగా ఉంటే ప్రైమరు ఎదుట ఒక మేకును నిలబెట్టినట్లే గదా!

దెబ్బ ఎక్కడ నుండి వస్తుంది?

తూటాలు ఊరికే ఆనుకొని ఉంటే ప్రైమరుకు దెబ్బ ఎలా తగులుతుంది? న్యూటన్ మూడవ నియమం చెప్పేదేమిటి? చర్యకు సమానంగా, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుంది. 11 గ్రాముల గుండు సెకనుకు 670 మీటర్ల వేగంతో ముందుకు పోయిందనుకొందాం. రైఫిలు బరువు 3.2 కిలోలు. అప్పుడు రైఫిలు సెకనుకు సుమారు 2.3 మీటర్ల వేగంతో వెనక్కి తన్నుతుంది. గుండుతో పాటు వెలువడే వాయువులను కూడా లెక్కిస్తే ఇంకా ఎక్కువే.

బస్సు హఠాత్తుగా ముందుకు కదిలితే నిలబడ్డవారు వెనక్కి తూలుతారు. ఇది జడత్వం. అలాగే రైఫిలు వెనక్కి పోతుంటే గొట్టంలోని తూటాలు ఉన్నచోటనే ఉండిపోవాలని చూస్తాయి. అందువల్ల స్ప్రింగు నొక్కుకుపోతుంది. మరుక్షణంలో అది తూటాలను వెనక్కి విసురుతుంది. అవి ఒకదానినొకటి గుద్దుకొంటాయి. అప్పుడు గొట్టంలో ఒక్క తూటా పేలినా, గొట్టాన్ని పట్టుకొన్న చెయ్యి అక్కడే ఉంది!

దెబ్బ అంతే, పీడనం వేరు

బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది పీడనం. ముక్కు చదునుగా, 4 మి.మీ. వ్యాసంతో ఉందనుకొందాం. మరొక గుండుకు మొన వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. వ్యాసంలో తేడా 8 రెట్లు, కనుక వైశాల్యంలో తేడా 64 రెట్లు. అంటే అదే బలం మొన కింద 64 రెట్లు పీడనాన్ని కలిగిస్తుంది! అందుకే ఈ రైఫిళ్ళకు చప్పిడి ముక్కు గుండ్లు వాడతారు.

మీరూ చూడండి. రెండు పెన్సిళ్ళు సులువుగా దూరేటట్లు ఒక కాగితపు గొట్టం చుట్టండి. ముందు పెన్సిలు వెనుక కొనకు గోధుమపిండి ముద్ద అంటించండి. చెక్కిన రెండవ పెన్సిలు మొనను ఆ ముద్ద వైపు ఉంచి, గొట్టాన్ని ఒక్కసారి కుదపండి. ముద్దలో గుంట ఎంత లోతు పడిందో చూడండి. తరువాత రెండవ పెన్సిలును తిప్పి, చెక్కని కొనతో మళ్ళీ చేయండి. తేడా మీకే తెలుస్తుంది.

మొన కావాలంటే?

చప్పిడి ముక్కుకు ఒక లోపం ఉంది. గాలిని బాగా చీల్చలేదు కనుక త్వరగా వేగం కోల్పోతుంది. మరి మొన ఉన్న గుండు వాడాలంటే ఎలా? ఫ్రెంచి సైన్యపు 1886 నాటి లెబెల్ రైఫిలు లివరు రకం కాదు గాని, దానిలోనూ తూటాలు గొట్టంలోనే ఉండేవి. 1898లో దానికి మొన గల గుండు తయారుచేసినప్పుడు, తూటా అడుగున ప్రైమరు చుట్టూ ఒక గాడి పెట్టారు. వెనుక తూటా మొన ప్రైమరు మీద కాక ఆ గాడిలో ఆనుతుంది. 1895లో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన విన్‌చెస్టర్ లివరు రైఫిలులో గొట్టమే లేదు. పెట్టెలో తూటాలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఇక ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో మెత్తని ప్లాస్టిక్ మొన గల గుండ్లు వచ్చాయి. ఒత్తిడి పడితే ఆ మొన నొక్కుకుపోయి, దెబ్బను పరుస్తుంది.

మేము తరగతిలో పీడనం నిర్వచనం చెప్పించినప్పుడు మీరు గడగడా అప్పజెప్పి కూర్చుంటారు. ఆ ఒక్క వాక్యం మీద ఒక మనిషి చెయ్యి ఆధారపడి ఉందని ఇప్పుడు తెలిసింది గదా! ఇంకొక మాట. ఎక్కడైనా తూటా కనబడితే తాకవద్దు, కొట్టి చూడవద్దు. వెంటనే పెద్దలకు చెప్పండి. దెబ్బకు పేలే మందుకు, కొట్టేది ఎవరో తెలియదు.

చివరగా మీకొక లెక్క: మొన వ్యాసం 0.5 మి.మీ. నుండి 1 మి.మీ.కు పెరిగితే పీడనం ఎన్నో వంతు అవుతుంది?