రోడ్డు జరిగింది... మరి బాట?

బోరు ఒక పక్క. చీనీ తోట ఇంకో పక్క. మధ్యలో నాలుగు వరుసల రోడ్డు!

కర్నూలు నుంచి కడపకు బస్సులో వెళ్లేవాళ్లకు ఇది కనిపించదు. ఓర్వకల్లు, నంద్యాల, ఆళ్లగడ్డ, దువ్వూరు, మైదుకూరు... ఒకప్పుడు ఊళ్ల నడిబొడ్డున సాగిన దారి అది. 2010కి ముందు దాని నంబరు 18, ఇప్పుడు 40. గత దశాబ్దంలో నాలుగు వరుసలైంది. నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి చోట్ల బైపాస్‌గా మారి పక్కకు జరిగింది. ప్రయాణం సులువైంది, బాగానే ఉంది. కానీ రోడ్డుతోపాటు జరగాల్సినవి ఇంకా ఉంటాయి. పొలానికి వెళ్లే బండిబాట, బోరు నీళ్ల పైపు, మోటారుకు వచ్చే కరెంటు తీగ. పోయిన నేలకు సెంట్ల లెక్కన పరిహారం వస్తుంది. మరి వీటికి?

కడప జిల్లా మీదుగా వేస్తున్న బెంగళూరు-విజయవాడ కొత్త రహదారి ఈ ప్రశ్నను మళ్లీ పొలాల్లోకి తెచ్చింది. అది పాత రోడ్డును వెడల్పు చేసి వేస్తున్నది కాదు, చేల మధ్య నుంచి కొత్తగా గీసిన గీత.

కేసీ కాలువ నాటి చట్టం

ఇంట్లో పాత దస్తావేజు ఉంటే ఓసారి తీసి చూడండి. ‘సకల ఈజ్‌మెంటు హక్కులతో సహా’ అన్న మాట ఎక్కడో ఒకచోట కనబడుతుంది. రాసినవాళ్లూ, రాయించుకున్నవాళ్లూ పెద్దగా పట్టించుకోని మాట. పక్కవాడి నేల మీంచి నడవడానికో, నీళ్లు పారించుకోవడానికో మన పొలానికి ఉన్న హక్కే ఈజ్‌మెంటు. నేల వాళ్లదే, దారి మాత్రం మనది.

ఇందుకోసం 1882లో చట్టం వచ్చింది. మొదట అమలైన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి కాబట్టి కర్నూలు, కడప జిల్లాలకు అది ఆనాటి నుంచీ ఉంది. బొంబాయి వాళ్లకు 1891 దాకా రాలేదు. ఇదే కర్నూలు-కడప కాలువను మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ నుంచి ప్రభుత్వం కొనుక్కున్నదీ 1882లోనే.

ఈ చట్టం ప్రకారం బాట హక్కు ముఖ్యంగా రెండు విధాలుగా పుడుతుంది. ఒకే పొలం భాగాలైనప్పుడో, కొంత అమ్మినప్పుడో వెనక ముక్కకు వేరే దారి లేకపోతే అవసరం వల్ల వచ్చేది ఒకటి. ఇరవై ఏళ్లపాటు బహిరంగంగా, అడ్డంకి లేకుండా, హక్కుగా వాడుకుంటే వచ్చేది రెండోది. ప్రభుత్వ భూమి మీదైతే ముప్ఫై ఏళ్లు కావాలి.

‘హైవే వచ్చింది కదా!’

రోడ్డు జరగ్గానే మొదలయ్యే తగవు ఇక్కడే ఉంది. అన్నదమ్ములిద్దరు పొలం పంచుకున్నారనుకుందాం. చిన్నోడి ముక్క వెనకాల ఉంది. అన్న గెనెం మీదుగానే అతనికి దారి. ఇప్పుడు కొత్త రోడ్డు సరిగ్గా చిన్నోడి చేను అంచునే వచ్చింది. ‘‘నీకు హైవేనే వచ్చింది కదరా, ఇంకా నా చేన్లో బాటెందుకు?’’ అంటాడు అన్న.

అవసరం తీరితే అవసరం వల్ల పుట్టిన హక్కు కూడా తీరుతుందని చట్టంలోని 41వ సెక్షన్ చెబుతోంది. అలా చూస్తే అన్న మాట న్యాయమే. కానీ కొత్త తరహా రహదారుల్లో కంచె ఉంటుంది, ఎక్కడపడితే అక్కడ ఎక్కనివ్వరు. రోడ్డు కళ్లముందే ఉంటుంది, ఎడ్లబండి మాత్రం ఎక్కలేదు. సర్వీసు రోడ్డు లేని చోట అవసరం తీరనట్టే, బాట హక్కు పోనట్టే. ఇక ఇరవై ఏళ్ల వాడుక వల్ల వచ్చిన హక్కయితే, వేరే దారి వచ్చినంత మాత్రాన పోదు. అందుకే హక్కు ఏ రకానిదో ముందు తేల్చుకోవాలి.

జాబితాలో లేని పైపు

రోడ్డు పనులు మొదలయ్యే ముందు ఆ గీతలో ఏమేం ఉన్నాయో లెక్క తీస్తారు. విద్యుత్ సంస్థ స్తంభాలు, గ్రామీణ నీటి సరఫరా పైపులు, టెలిఫోన్ కేబుళ్లు. వీటిని జరిపే ఖర్చు రోడ్డు ప్రాజెక్టే భరిస్తుంది. మరి బోరు నుంచి అవతలి చేనికి రైతు వేసుకున్న పైపో? పాత రోడ్డు కింద రాత్రికి రాత్రి తవ్వి వేసిందైతే దానికి అనుమతి ఉండదు, కాగితం ఉండదు. లెక్కకే ఎక్కదు. కరువు సీమలో నీళ్లు పడ్డ బోరు ఒక్కటే ఉంటే, ఆ పైపే తోటకు ప్రాణం.

కొత్త రోడ్డు ఒకరి సొంత పొలాన్నే రెండుగా చీల్చినప్పుడు కథ వేరు. జాతీయ రహదారుల చట్టం 3జి(7) ప్రకారం, భూమి ముక్కలవడం వల్ల కలిగే నష్టాన్నీ పరిహారంలో లెక్కగట్టాలి. ఇతరుల అనుభవ హక్కుకు దెబ్బ తగిలితే భూమి విలువలో 10 శాతం లెక్కను 3జి(2) చెబుతుంది. అయితే అడిగినవాళ్లకే! భూమి ప్రభుత్వపరం అయినట్టు ప్రకటన వెలువడితే, దానిమీదున్న హక్కులన్నీ అక్కడితో తుడిచిపెట్టుకుపోతాయి.

తొలి నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు గడువుంటుంది. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి తెలుగుది. లోపలి పేజీల్లో సర్వే నంబర్లతో చీమల బారులా కనిపించే ఆ ప్రకటన అదే. తర్వాత పరిహారం కోసం దావాలు కోరుతూ ఇంకో ప్రకటన వస్తుంది. బాట, పైపు, బోరు, కరెంటు సర్వీసు నంబరు అన్నీ రాతపూర్వకంగా ఇవ్వాల్సింది అప్పుడే. తేల్చిన మొత్తం నచ్చకపోతే కేంద్రం నియమించే ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లొచ్చు.

డబ్బు కన్నా విలువైనది ఇంకోటుంది. రోడ్డు కట్ట పోసేటప్పుడే అడ్డంగా ఓ పెద్ద పైపు పెట్టిస్తే, రైతు తన పైపును అందులోంచి లాక్కోవచ్చు. తారు పడ్డాక తవ్వనివ్వరు. అడగాల్సిన కాలం పునాది మట్టి పడుతున్నప్పుడే.

స్తంభాల గొడవ ఇంకో రకం. రోడ్డుకు అడ్డమని తీసిన స్తంభం పక్క రైతు చేలో పడుతుంది. 2006 నాటి నిబంధనల ప్రకారం ఆ రైతు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే విద్యుత్ సంస్థ జిల్లా కలెక్టర్ అనుమతి తెచ్చుకోవాలి.

పాత రోడ్డు ఎవరిది?

బైపాస్ వచ్చాక ఊళ్లో మిగిలిన పాత రోడ్డు దిక్కులేనిదేమీ కాదు. ఒకసారి ప్రజల రస్తా అయితే, చట్టప్రకారం మూసేదాకా రస్తానే. వాహనాలు తగ్గినా దానిపై నడిచే హక్కు, దాని పక్కన నీళ్ల పైపులు, స్తంభాలు అలాగే ఉంటాయి. అసలు చిక్కు మలుపు సరిచేసినప్పుడు మిగిలే వంకర ముక్కతో. ఎదురుగా పొలమున్నవాడు మెల్లగా గెనెం జరుపుతాడు, రెండేళ్లకు కంది వేస్తాడు. వెనక పొలాల వాళ్లకు బాట మూసుకుపోతుంది. రికార్డులో మాత్రం అది ఇంకా రస్తా పోరంబోకే. ఎఫ్‌ఎంబీ నకలు తీయించి తహసీల్దారుకు అర్జీ పెట్టుకుంటే, కంది చేను కింద రోడ్డు బయటపడుతుంది.