నల్లమందు యుద్ధంలో మద్రాసు సిపాయిలు: విశాఖ తిరుగుబాటు నేపథ్యంలో ఒక పరిశీలన

1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో సిపాయిలు ఓడ ఎక్కడానికి నిరాకరించారు. హైదరాలీతో యుద్ధం కోసం వారిని సముద్రమార్గాన మద్రాసుకు తరలించాలని ఈస్టిండియా కంపెనీ ఆదేశించింది. వారు ఎదురుతిరిగి కాల్పులు జరపగా కొందరు ఐరోపావాసులు మరణించారు. అరవై ఏళ్ల తరువాత, 1840లో, అదే మద్రాసు సైన్యంలోని 37వ దేశీయ పదాతి దళం ఓడలెక్కి చైనాకు వెళ్లింది. తొలి నల్లమందు యుద్ధాన్ని తెలుగు తీరం నుంచి చదవాలంటే ఈ రెండు ఘటనలను కలిపి చూడాలి.

యుద్ధకారణం సుపరిచితమే. చైనా తేయాకుకు వెండి చెల్లించవలసి రావడంతో కంపెనీ పట్నా, కాశీ ప్రాంతాలలో గుత్తాధిపత్యంతో నల్లమందు తయారు చేయించి, కలకత్తాలో వేలం వేసేది. ప్రైవేటు వర్తకులు దానిని చైనా నిషేధాన్ని ధిక్కరించి కాంటన్ తీరానికి చేర్చేవారు. 1839 జూన్‌లో లిన్ జెషు ఇరవై వేలకు పైగా పెట్టెల సరుకును హుమెన్ వద్ద నాశనం చేయించాడు.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటుంది. గసగసాల సాగు గంగా మైదానానిది. పోరుకు పంపిన సిపాయిలలో మాత్రం మద్రాసు సైన్యానిదే పెద్ద పాలు. బెంగాల్ సైన్యంలోని అగ్రవర్ణ సిపాయిలు సముద్రయానం వల్ల కులం పోతుందని వెనుకాడేవారు. మద్రాసు దళాలు 1762లో మనీలాకు, 1811లో జావాకు, 1824లో బర్మాకు వెళ్లి ఉన్నాయి. వీటిలో తెలుగువారు, తమిళులు, ముస్లింలు కలిసి ఉండేవారు కనుక వాటిని కేవలం తెలుగు దళాలనడం అతిశయోక్తి. అయినా ఉత్తర భారతంలో సిపాయికి ‘తిలంగా’ అన్న పేరే స్థిరపడింది. ఒక జాతి పేరు కూలి సైనికుడి పేరుగా మారడం భాషాచరిత్రకారులు కూడా పట్టించుకోవలసిన అంశం.

1841 మే 30న కాంటన్‌కు ఉత్తరాన సాన్‌యువాన్‌లీ పరిసరాల్లో వేలాది గ్రామస్థులు ఈటెలు, కత్తులతో బ్రిటిష్ సేనను చుట్టుముట్టారు. కుండపోత వానలో 37వ దళానికి చెందిన ఒక కంపెనీ దారి తప్పింది. సుమారు అరవై మంది సిపాయిల చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులు. మందు తడిసిపోవడంతో అవి పేలలేదు. చతురస్రంగా నిలబడి బాయొనెట్లతో గంటల తరబడి ఎదుర్కొన్నారు. వానలోనూ పేలే కొత్తరకం తుపాకులు గల నావికాసైనికులు వచ్చాకే వారు బయటపడ్డారు. పాత ఆయుధాలు సిపాయిలకు, కొత్తవి తెల్లవారికి దక్కాయి!

1842 ఆగస్టు 29న నాంజింగ్ సంధితో హాంకాంగ్‌తో పాటు 2.1 కోట్ల డాలర్లు బ్రిటన్‌కు దక్కాయి. అందులో 60 లక్షలు నాశనమైన నల్లమందుకు పరిహారం. సాన్‌యువాన్‌లీ ఘటన చైనా చరిత్రలో ప్రజాప్రతిఘటనకు ఆరంభంగా నిలిచింది. ఆ కథనంలో సిపాయిలు దురాక్రమణదారులే. విశాఖలో ఓడ ఎక్కననడం తిరుగుబాటుగా నమోదైంది. కాంటన్‌కు ఓడ ఎక్కినందుకు మద్రాసు దళాలకు లభించింది ‘చైనా’ అనే యుద్ధగౌరవ చిహ్నం.