నడుమ మోగే వయొలిన్

విజయనగరం సంగీత కళాశాలలో ఎందరికో వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డు ఏదైనా ఇంట్లో స్టీరియోలో పెట్టి కళ్లు మూసుకోండి. కమాను ఎక్కడ కదులుతోంది? రెండు స్పీకర్లకూ నడుమ, ఏ పెట్టే లేని ఖాళీ చోట వినిపిస్తే మీ అమరిక బాగున్నట్టే. 78 స్పీడు ప్లేట్ల కాలం నాటి రికార్డింగు మోనో. రెండు స్పీకర్లకూ ఒకే ధ్వని వెళ్తుంది. అది రెండు చెవులకూ ఒకేసారి, ఒకే జోరుతో చేరితే మెదడు దాన్ని సరిగ్గా మధ్యలో నిలబెడుతుంది.

కుడిపక్క పుట్టిన చప్పుడు ఎడమ చెవికి సుమారు 0.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్త తేడాతోనే వెనక వస్తున్న లారీ ఏ పక్కన ఉందో చెప్పేస్తాం. ఈ గుట్టును యంత్రానికి నేర్పినవాడు బ్రిటన్‌లో ఈఎంఐ ఇంజినీరు అలన్ బ్లూమ్‌లైన్. సినిమాలో నటుడు తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తుంటే, గొంతు మాత్రం ఒకేచోట ఉండిపోవడం ఆయనకు నచ్చలేదు. 1931 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. రికార్డు మీద ఒకే గాడికున్న రెండు గోడల్లో రెండు ధ్వనులు చెక్కే ఉపాయం కూడా అందులో ఉంది. 1942లో రాడార్‌ను పరీక్షిస్తున్న విమానం కూలి 38 ఏళ్లకే చనిపోయాడు. స్టీరియో ఎల్‌పీలు దుకాణాలకు వచ్చింది 1957-58లో.

అంత తెలివిని మనం తెచ్చి షోకేసులో ఇరికిస్తున్నాం! ఒక పెట్టె టీవీ పక్కన, రెండోది బీరువా మీద ఉంటే బ్లూమ్‌లైన్ దిగివచ్చినా ఏమీ చేయలేడు. స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కోదాని నుంచి మీ కుర్చీకి అంతే దూరం ఉండాలి. సన్న స్వరాలు పలికే ట్వీటర్ చెవి ఎత్తున ఉండాలి. పెట్టెను గోడకు ఆనిస్తే బేస్ ఉబ్బిపోయి పాటలో మాట వినబడదు. ఎర్ర వైరు ఎర్ర టెర్మినల్‌కే వెళ్లాలి. ఒక స్పీకరుకు తారుమారైతే, ఒకటి గాలిని ముందుకు తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. బేస్ పలచబడి, నడుమ ఉన్న వయొలిన్ చెదిరిపోతుంది. ఈ వైర్లు బిగించేటప్పుడు ప్లగ్ తీసే ఉంచండి. విడి పోగు ఒకటి పక్క వైరును తాకినా ఆంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు. ఆంప్లిఫయర్ మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పడం ముచ్చటే గానీ, వేడి పోయే దారి మూసినట్టే.

అసలు ప్రమాదం కరెంటుతో. ఇంట్లోకి వచ్చేది 230 వోల్టులు. గుయ్‌మనే రొద పోతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లున్నారు. రొద పోవచ్చు, లోపల కరెంటు లీకైతే ఆంప్లిఫయర్ ఇనప డబ్బాను ముట్టుకున్నవాడి ఒంట్లోంచే అది భూమికి దిగుతుంది.

శ్రీకాకుళం జిల్లావాళ్లకు తుపాను సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక స్తంభాలు కూలి ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు కరెంటు వచ్చిందన్న సంబరంలో అన్నీ ఒక్కసారి ఆన్ చేయకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగి ఉంటే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. మామూలు స్పైక్ బస్టర్ దాన్ని ఆపలేదు. ముందు బల్బు వెలుగు నిలకడగా ఉందో లేదో చూడండి. పిడుగులు పడేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, మెరుపులు మొదలవక ముందే ప్లగ్ పీకాలి, స్టీరియోకు తగిలించిన డిష్ వైరు కూడా. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది కాబట్టి మూత విప్పే పని మెకానిక్‌దే.

ఇక చెవుల సంగతి. పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అక్కణ్నించి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది.

పెద్ద స్పీకర్ల కోసం డబ్బు దాస్తున్నారా? అందులోంచి కొంత తీసి, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇంటి ఎర్తింగ్ పరీక్ష చేయించండి.